కొత్త బ్రేకులు వేశాక కూడా చప్పుడెందుకు?

మిరప కోతల కాలం వచ్చిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో తెల్లారకముందే ఆటోలు బయలుదేరతాయి. సద్ది గిన్నెలు పట్టుకుని మనం ఎక్కుతాం. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పదిమందిమి.

బ్రేకు వేసినప్పుడల్లా ఆటో కీచుమంటుంది. "ఈ చప్పుడేంటి బాబూ?" అని అడుగుతాం. "నిన్ననే కొత్త బ్రేకులు వేయించాను పిన్నీ, ఏం కాదు" అంటాడు డ్రైవరు. అది ఒక్కోసారి నిజమే. ఒక్కోసారి కాదు. ఎప్పుడు నిజమో మనకెలా తెలుస్తుంది?

ముందు బ్రేకు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఆటో చక్రం లోపల గిన్నె లాంటి ఇనప డ్రమ్ము ఉంటుంది. అది చక్రంతో పాటు తిరుగుతుంది. దాని లోపల వంపు తిరిగిన రెండు బద్దలు ఉంటాయి. వీటిని బ్రేకు షూలు అంటారు. ఇవి తిరగవు. వీటి మీద గరుకైన పొర అతికించి ఉంటుంది. అదే లైనరు. డ్రైవరు కాలితో తొక్కగానే బ్రేకు ఆయిలు ఈ షూలను బయటికి నెడుతుంది. లైనరు డ్రమ్మును రాసుకుంటుంది. చక్రం ఆగుతుంది. కార్లకూ కొన్ని మోటారు సైకిళ్ళకూ డ్రమ్ముకు బదులు పళ్ళెం లాంటి డిస్కు ఉంటుంది. దాన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కుతాయి. అక్కడా రాపిడే.

కొత్తగా కక్కు కొట్టించిన తిరగలి మొదట్లో గరగరలాడుతుంది. నాలుగు వాయిలు విసిరాక సర్దుకుంటుంది. కొత్త లైనరు కూడా అంతే. డ్రమ్ముకు పూర్తిగా ఆనేదాకా సన్నగా కీచుమంటుంది. కొద్ది రోజుల్లో తగ్గిపోవాలి. రాత్రి మంచు కురిసి డ్రమ్ముకో డిస్కుకో కాస్త తుప్పు పట్టినా పొద్దున్నే గరగరమంటుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. వీటికి భయం లేదు.

తగ్గకపోతేనే ఆలోచించాలి. చాలాచోట్ల డబ్బు మిగులుతుందని షూలు కొత్తవి వేసి, డ్రమ్ము పాతదే ఉంచుతారు. పాత డ్రమ్ములో గాళ్ళు పడి, అంచున గట్టు కట్టి ఉంటుంది. కొత్త షూ ఆ గట్టును రాసుకుని అరుస్తుంది. అలాంటి డ్రమ్మును లేతు మీద సాపు చేయించాలి. మరీ అరిగితే మార్చాల్సిందే. లోపలి స్ప్రింగు సరిగా తగిలించకపోయినా టకటకమంటుంది.

చప్పుడు ఎప్పుడు వస్తోందో వినండి. వెనక చక్రాల దగ్గర కూచునేది మనమే కదా! బ్రేకు తొక్కినప్పుడే వస్తే లైనరు, డ్రమ్ము చూడాలి. తొక్కకపోయినా చక్రం తిరిగినంతసేపూ రాసుకుంటుంటే షూ వెనక్కి రాకుండా పట్టేసి ఉండొచ్చు. అప్పుడు ఆ చక్రం బాగా వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తుంది. చెయ్యి పెట్టకండి, కాలుతుంది. ఎడతెగని హోరు అయితే బేరింగు కావచ్చు. గుంతలో పడ్డప్పుడే దడదడమంటే అది బ్రేకు గొడవ కాకపోవచ్చు.

ఇనుముతో ఇనుము గీకినట్టు గరగర వస్తుంటే, బండి ఒక పక్కకు లాగుతుంటే, పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంటే ఆ బండి ఎక్కొద్దు. లైనరు పూర్తిగా అరిగి ఉండొచ్చు. లేదా ఆయిలు కారి లైనరుకు అంటి ఉండొచ్చు. నూనె అంటిన లైనరు పట్టదు. ఒక పూట కూలి పోతుందన్నది నిజమే. అయినా దిగి, మెకానిక్కుకు చూపించమనండి. ఎంత ఎక్కువమందిమి ఎక్కితే బండి ఆగడానికి అంత ఎక్కువ దూరం కావాలి.

ట్రాక్టరు సంగతి వేరు. వెనక తగిలించే చాలా ట్రక్కులకు సొంత బ్రేకు ఉండదు. ట్రాక్టరుకేమో కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి, రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. రోడ్డు ఎక్కేముందు రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. వేయకుండా ఒక్కటే తొక్కితే బండి ఒక పక్కకు తిరిగిపోతుంది. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరప కూలీల ట్రాక్టరు తిరగబడి నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. అది బ్రేకు వల్లే అని అనడం లేదు. కొక్కెం వేశావా అని అడగడానికి మాత్రం క్షణం కూడా పట్టదు.

ఇంకొక మాట. బ్రేకు విప్పినప్పుడు నల్లటి దుమ్ము రాలుతుంది. పాత రకం లైనర్లలో రాతినార కలిపేవారు. ఆ దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు చెడతాయి. ఇంటి ముందు ఆటో బాగుచేస్తుంటే పిల్లల్ని దూరంగా ఉంచండి. దుమ్మును నోటితో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడవమనండి.