వార్ధక్యానికి స్నేహమే ఔషధం

అమెరికాలో 1946 నుండి 1964 వరకు జన్మించిన తరాన్ని 'బేబీ బూమర్లు' అంటారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ కాలంలో సుమారు 7 కోట్ల 60 లక్షల మంది శిశువులు పుట్టారు. ఆ కుటుంబాల కోసమే నగరాల వెలుపల శివారు కాలనీలు విస్తరించాయి. న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలండ్‌లో 1947–1951 మధ్య పదిహేడు వేలకు పైగా ఇండ్లతో వెలసిన లెవిట్‌టౌన్ వాటికి నమూనా అయింది.

నేను 1949లో తెనాలిలో పుట్టినా, వయస్సు రీత్యా ఆ తరం వాడినే. 1965 నాటి వలస చట్టం మన వంటివారికి ద్వారాలు తెరచిన పిమ్మట, 1975లో ఇంజనీరుగా వచ్చి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో స్థిరపడ్డాను. ముందు పచ్చిక, వెనుక పెరడు, రెండు కార్లు – యౌవనంలో ఇది స్వర్గమే అనిపించింది. పిల్లలు దూర రాష్ట్రాలకు వెళ్లిపోయాక నేను, నా భార్య మిగిలాము. మా వీధికి కాలిబాట లేదు. పాలు కావాలన్నా కారు తీయవలసినదే. కాళ్లకు పని తగ్గింది, మాటకు మనిషి కరువయ్యాడు.

2023 జనవరిలో ఉత్తరాల పెట్టె వద్దకు వెళ్తూ గడ్డకట్టిన మంచుపై జారిపడి, మణికట్టు ఎముక విరుగగొట్టుకున్నాను. లేవలేక చాలాసేపు అక్కడే ఉండిపోయాను. చివరకు పక్క ఇంటి ఆయన చూచి ఆసుపత్రికి తీసుకొని వెళ్లారు. ఇరవై ఏళ్లకు పైగా పొరుగున ఉన్న ఆ మనిషి పేరు నేను అడిగినది ఆ రోజే! ఆ సిగ్గు ఎముక నొప్పికంటె ఎక్కువ కాలం నన్ను బాధించింది.

వార్ధక్యం – వాతకాలం

బాల్యంలో కఫం, నడివయస్సులో పిత్తం, వార్ధక్యంలో వాతం ప్రబలంగా ఉంటాయని మన ఆయుర్వేదం చెబుతుంది. వాతం రూక్షం, శీతం, చలనశీలం. అందుచేతనే ముదిమిలో చర్మం ఎండుతుంది, కీళ్లు పట్టేస్తాయి, మలబద్ధకం కలుగుతుంది, నిద్ర తగ్గుతుంది, మనస్సులో కారణం లేని భయం పుడుతుంది. శివారు జీవితం దీనికి తోడు. చలికాలమంతా హీటరు నుండి వచ్చే పొడిగాలి, ఫ్రిజ్ నుండి తీసిన చల్లని తిండి, గంటల తరబడి కూర్చోవడం, ఏకాంతం – ఇవన్నీ వాతాన్ని పెంచేవే.

నేను ఆచరిస్తున్న విధానం

అభ్యంగం: నిత్యం తైలమర్దనం చేసుకుంటే ముదిమి, అలసట, వాతం తగ్గుతాయని, శిరస్సు, చెవులు, పాదాల విషయంలో విశేష శ్రద్ధ వహించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. నువ్వుల నూనె గిన్నెను వేడినీటిలో ఉంచి గోరువెచ్చగా చేసుకోవాలి. వేయించిన నువ్వుల నుండి తీసిన ముదురు రంగు నూనె వంటకే గాని ఒంటికి పనికిరాదు. పావుగంట మర్దించి, సున్నిపిండితో వేడినీటి స్నానం చేయాలి. స్నానపు తొట్టిలో నూనెకాలు జారుతుంది; రబ్బరు చాప, గోడకు పట్టుకొమ్మ తప్పనిసరి. జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు అభ్యంగం కూడదు. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు నూనె వేడిని మోచేతితో పరీక్షించుకోవాలి.

నడక: శరీరాన్ని పీడించని నడక ఆయుస్సును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందని సుశ్రుతుని అభిప్రాయం. మంచు రోజులలో మాల్ లోపల నడుస్తాను. ఆయాసం రాకముందే ఆపుతాను.

ఆహారం: వేడిగా, కొంచెం నేతితో, శొంఠి చేర్చిన పలుచని పెసరకట్టుతో భోజనం చేస్తాను. రాత్రి భోజనం ప్రొద్దుగూకగానే ముగిస్తాను.

నిద్ర: పడుకునే ముందు అరికాళ్లకు నూనె రాసి మేజోళ్లు తొడుగుతాను. రాత్రి లేచేటప్పుడు అవి విప్పి, చెప్పులు వేసుకొని, దీపం వేసుకున్నాకే నడవాలి.

ఇవి వైద్యానికి ప్రత్యామ్నాయం కావు. ఎముకల సాంద్రత, విటమిన్ డి పరీక్షలు వైద్యుని సలహాపై చేయించుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు మర్దనానికి, మూలికలకు ముందు వైద్యుని అడిగి తీరాలి.

అసలైన తైలం

సంస్కృతంలో 'స్నేహం' అంటే నూనె, నెయ్యి వంటి జిడ్డు పదార్థం. ప్రేమ అనే అర్థం కూడా ఉంది. దేహానికి మొదటిది పూసుకుంటూ రెండవది లేకుండా ఇన్నేళ్లు గడిపానే అని ఇప్పుడు తోస్తున్నది. భార్యను పోగొట్టుకొని ఒంటరిగా ఉన్న ఆ పొరుగాయన వారానికి మూడు రోజులు నాతో నడుస్తున్నారు. నడక ముగిశాక మా ఇంట అల్లం టీ త్రాగుతారు. ఏ ఉదయమైనా మా ఇంటి తెర తొలగకపోతే ఆయన తలుపు తడతారు. ఆయన ఇంటి తెర నేను చూస్తాను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి పడే ఆందోళన నాకు చాలావరకు తగ్గింది. నూనె వలననా, నడక వలననా, మనిషి వలననా అంటే విడదీసి చెప్పలేను.

పిల్లల వద్దకు వచ్చి ఈ శివారు ఇండ్లలో నెలల తరబడి ఉండే మన తల్లిదండ్రులకు ఒక్క మనవి. నువ్వుల నూనె సీసాతో పాటు పొరుగువారి పేరు కూడా మొదటి వారంలోనే సంపాదించుకోండి.