బండి వెనుక బండి

1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు వెలసినది మొదలు శేరిలింగంపల్లి చుట్టుపట్ల పల్లెలు నగరమున గలిసిపోయినవి. అయినను వేసవి రాగానే ట్రాక్టరు వెనుక నీళ్ల ట్యాంకరు మన వాకిళ్లకు వచ్చుచునే యున్నది. ఆ రెంటిని గలుపు శీల యెంత చిన్నదో గమనించితిరా? వీథిలోని వారి ప్రాణములు దానిపై నాధారపడి యున్నవి.

పికప్ బండికి ఇంటియొద్దనే కొక్కెము బిగించి ట్రాలీని లాగింపవలెనని మీ యింటి పురుషులకు దోచవచ్చును. వారు పానా పట్టకమునుపే మూడు మాటలడుగుడు.

మొదటిది, కొక్కెము దేనికి బిగింతురు? బంపరు రేకునకు గాదు. చాసీకే, తయారీదారు చెప్పిన బోల్టులతో, చెప్పిన బిగువుతో బిగింపవలెను.

రెండవది, బరువెట్లుండును? ఎద్దుబండి నెరిగినవారికిది క్రొత్త గాదు. వెనుక బరువు హెచ్చిన నొగ పైకి లేచి యెద్దుల మెడపట్టెడలు బిగియును. ముందు హెచ్చిన కాడి మెడలను నలుపును. ట్రాలీ బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెముపై నుండుట మేలు. తగ్గినచో వేగమున ట్రాలీ అటునిటు ఊగును. కొక్కెము ఊడినను పట్టియుంచుటకు రెండు గొలుసులను కత్తెరగా దగిలింపవలెను.

మూడవది, చట్టమొప్పునా? తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే స్థిరపరచెను. కావున ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట వివేకము.

ఆడువారికీ చర్చ యేల యందురేమో! ఆ ట్రాలీ వెనుక స్కూటరుపై వచ్చునది మన బిడ్డలే గదా!