ఔట్‌కాస్ట్: చివరి 'ఇ' అక్షరం సంగతి

దళితుల గురించి ఇంగ్లీషులో వచ్చిన రచనల్లో 'ఔట్‌కాస్ట్' అనే మాట తరచుగా తగులుతుంది. తెలుగు చేసేటప్పుడు మనవాళ్లు దీన్ని 'వెలివేయబడినవాడు' అని రాసేస్తుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

పలకడానికి ఒకటే అయినా ఇవి రెండు వేరు వేరు మాటలు. చివర 'ఇ' అక్షరం లేనిది పాతది. అందులో 'కాస్ట్' అంటే విసరడం. బయటికి విసిరేయబడ్డవాడు అనే అర్థంలో 14వ శతాబ్దంలోనే ఇంగ్లీషులో వాడుకలో ఉంది. అప్పటికి ఇంగ్లీషువాళ్లకు మన కులం ఊసే తెలీదు. 'ఇ' ఉన్న మాటలోని 'కాస్ట్' పోర్చుగీసు 'కాస్టా' నుంచి వచ్చింది. వంశం, జాతి అని దానర్థం. పోర్చుగీసువాళ్లు మన కులాల్ని చూసి ఆ పేరుతో పిలిచారు. దానికి ముందు 'ఔట్' తగిలించి కొత్త జంటపదం చేయడం 19వ శతాబ్దపు పని. పాతమాట నీడ దీనిమీద పడకుండా ఎలా ఉంటుంది?

విసిరేయాలంటే ముందు లోపల ఉండాలి, ఏదో తప్పు చేసి ఉండాలి. 1888లో గాంధీ లండన్‌కు బయలుదేరితే మోఢ్ బనియా కులపెద్దలు ఆయన్ని వెలేశారు. తిరిగొచ్చాక నాసిక్‌లో నదీస్నానం, రాజ్‌కోట్‌లో కులానికి విందు. ఒక వర్గం మళ్లీ చేర్చుకుంది. అది వెలివేత. మాలపల్లెలోనో మాదిగవాడలోనో పుట్టిన బిడ్డ చేసిన తప్పేమిటి? ఏ నదిలో మునిగితే లోపలికి రానిస్తారు?

1931 జనగణన కమిషనర్ హట్టన్‌కు కూడా ఈ గందరగోళం కనిపించింది. పాతమాటలోని నింద కొత్తమాటకు అన్యాయంగా అంటుకుందని గమనించి, 'ఎక్స్‌టీరియర్ కాస్ట్స్', అంటే బాహ్య కులాలు, అనే పేరు వాడాడు. ఆ పేరు నిలవలేదు. 1935 చట్టం 'షెడ్యూల్డ్ కాస్ట్స్' అంది.

అయితే 'కులానికి బయటివాళ్లు' అన్నా సరిపోదు. కులవ్యవస్థే ఈ 'ఔట్‌కాస్ట్'ను పుట్టిస్తోందని, కులాలున్నంతకాలం వీళ్లూ ఉంటారని అంబేద్కర్ 1933లో గాంధీ 'హరిజన్' పత్రికకు పంపిన ప్రకటనలో తేల్చి చెప్పారు. మన 'వెలివాడ' ఇందుకు దగ్గరగా ఉంది. 'వెలి' అంటే మొదట 'బయట' అనే. వెలుపల అనే మాటలో ఉన్నదీ అదే. వెలివాడ ఊరికి బయట ఉంటుంది, ఊరి చాకిరీ మాత్రం దానిదే. ఎవరో నేరం చేస్తే కట్టిన వాడ కాదది.

ఇంగ్లీషు రచయితలే ఈ రెండు మాటల్నీ కలిపేస్తుంటారు కాబట్టి అక్షరం ఒక్కటీ చూసి అనువదించడం కుదరదు. ఆ వాక్యం శిక్షపడ్డవాడి గురించా, వాడలో పుట్టినవాడి గురించా అన్నది చూసుకోవాలి.