పత్తిచేలో పిల్లల చేతులు: పెద్దల కూలికి గొడ్డలిపెట్టు

దసరా దాటి పత్తికాయ పగలడం మొదలైందంటే మా ఆత్మకూర్ (ఎస్) మండలంలో రెండు చోట్ల మార్పు కనపడుతుంది. చేలు తెల్లబడతాయి, బడి గదులు పలచబడతాయి. హాజరు పట్టీలో పేరు వుంటుంది గాని పిల్ల వుండదు. ఆ పిల్ల ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి పెద్ద సర్వేలేమీ అక్కరలేదు. పొద్దుగూకేవేళ పత్తి కాంటా పెట్టే గట్టు దగ్గర నిలబడితే చాలు.

కిందటి సీజనులో అట్లాగే ఒక గట్టు మీద నిలబడ్డాను. వరసలో ఒక తల్లి, ఆమె వెనక పదేండ్ల బిడ్డ. ఇద్దరి ఒళ్ళలోని పత్తిని ఒకే బోరెంలో కుక్కారు. కాంటా వేసి తల్లి పేరు మీద కిలోలు రాశారు. బిడ్డ పేరు ఆ చిట్టీలో ఎక్కడా లేదు.

"ఏందక్కా, బిడ్డను బడి మాన్పించి తోలుకొచ్చినవ్?" అని అడిగాను.

"కూలి కిలోల లెక్క గదా తమ్మీ. నా రెండు చేతులకు ఎంత పత్తి వస్తది? నాలుగు చేతులైతేనే పొయ్యి వెలుగుతది. ఆ తక్కువ పడ్డ కూలి మీ సంఘం ఇప్పిస్తదా చెప్పు, రేపే పంపిస్త బడికి."

నా నోట మాట రాలేదు. ఇరవై ఏండ్లుగా సంఘంలో తిరుగుతున్నవాణ్ణి. పిల్లల్ని బడికి పంపండని ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు. ఆ ఒక్క మాటతో నా ఉపన్యాసమంతా పొల్లు గింజలని తేలిపోయింది. ఆమెకు ఇవ్వవలసిన జవాబు కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక జీతగాడి లెక్క

నేనూ పసితనంలో జీతం వున్నవాణ్ణే. తొమ్మిదో ఏట, అక్క పెండ్లికి చేసిన అప్పు కింద మా నాయిన నన్ను ఒక ఆసామి ఇంట్లో బర్ల కాడ పెట్టాడు. ఉగాది నుంచి ఉగాదికి ఏడాది లెక్క. తెల్లారకముందే కొట్టంలో పేడ తీయాలి, పొద్దంతా బర్లను మేపాలి, రాత్రి వాటి పక్కనే పడుకోవాలి. బర్రె ఎవరి చేలోనైనా పడితే దండుగ నా జీతంలో కోత. మూడేండ్లు అట్లా గడిచాయి. నాకు అక్షరం వచ్చింది పద్దెనిమిదో ఏట, రాత్రి బడిలో.

మా అమ్మానాయినలకు నా మీద ప్రేమ లేక కాదు. అయితే ఇంకో సంగతి నాకు చాలా ఏండ్లకు గాని అర్థం కాలేదు. నేను చేరిన ఏడాదే ఆ ఇంట్లో పెద్ద జీతగాణ్ణి మాన్పించారు. అతని పనిలో సగం నా మీద వేసి, మిగతా సగం అవసరమైన రోజున కూలీలతో వెళ్ళదీశారు. అంటే అర్థమేమిటి? తొమ్మిదేండ్ల పోరగాడు ఒక పెద్దమనిషి బువ్వను ఎత్తుకుపోయాడు. ఆ పోరగాడి కడుపు కూడా నిండలేదు. లాభం ఎవరికి పోయిందో వేరే చెప్పాలా?

చట్టంలో మన మాటలు

పిల్లల చాకిరీని తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని బ్రిటిష్ ప్రభుత్వం 1933లోనే చట్టం చేసింది. అప్పుకు మనిషిని కట్టేసే భగేలా పద్ధతి మీద నిజాం సర్కారు 1936లో ఒక నిబంధన తెచ్చింది. రెండూ కాగితాల మీదనే వుండిపోయాయి. మన సూర్యాపేట ప్రాంతంలో వెట్టి కూలింది దయవల్ల కాదు, 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటం వల్ల. ఊరూరా సంఘం నిలబడింది గనుకనే దొర గడీకి వెట్టికి పోవడం ఆగింది.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఈ చట్టం వేటిని వెట్టి అంటుందో చెబుతూ భగేలా, జీతా, పాలేరు, వెట్టి అని పేర్లు వరసగా రాసింది. మన నోట్లో నలిగిన మాటలే! అయినా ఆ తరువాత పది పన్నెండేండ్లకు నన్ను జీతం పెట్టారు. చట్టం పుస్తకంలో వున్నది. దాన్ని ఊళ్ళోకి తెచ్చే చేయి మా ఊళ్ళో అప్పటికి లేదు.

1986 బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన పనులకే నిషేధం పెట్టింది. వ్యవసాయం పని దాదాపు మొత్తం బయటే మిగిలింది. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 నుంచి 14 ఏండ్ల లోపు పనిచేసే పిల్లలు 13 లక్షల 60 వేల మందికి పైగా తేలారు. ఉత్తరప్రదేశ్ తరువాత దేశంలో మనదే రెండో స్థానం. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2016 సవరణతో 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదన్నారు. తప్పితే యజమానికి ఆరు నెలల నుంచి రెండేండ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా.

కాని ఆ సవరణలోనే ఒక దొడ్డిదారి వుంచారు. బడి వేళల తరువాత, సెలవుల్లో కుటుంబం పనికి పిల్లలు సాయపడవచ్చునట. పరాయివాళ్ళ చేలో కూలికి ఏరే పత్తికి ఈ మినహాయింపు వర్తించదు. కాని అధికారి వచ్చి అడిగితే ఆసామి ఏమంటాడు? "నేను కూలి ఇచ్చింది తల్లికే సారూ, పిల్ల ఊరికే వచ్చింది" అంటాడు. చిట్టీలో పిల్ల పేరు లేకపోవడం ఇందుకు పనికొస్తుంది.

కిలో లెక్కలోని కిటుకు

ఆ తల్లి చెప్పిన లెక్కనే వేసి చూద్దాం. రోజు కూలి 500 రూపాయలు, ఒక మనిషి పొద్దంతా 40 కిలోలు ఏరగలదు అనుకుందాం. ఆమెకు రోజు కూలి గిట్టాలంటే కిలోకు పన్నెండున్నర రూపాయలు పడాలి. ఇచ్చేది పదే అయితే ఆమె చేతికి 400 వస్తాయి. తక్కువైన నూరు రూపాయలను పిల్ల పది కిలోలు ఏరి పూడుస్తుంది. ఇంటికి 500 వచ్చాయి గదా అని తల్లి వూరుకుంటుంది. కిలోకు పది ఇచ్చినా కూలీలు వస్తున్నారు గదా అని ఆసామి వూరుకుంటాడు. రేటు అక్కడే పాతుకుపోతుంది. పిల్లలు లేని కూలిమనిషికీ అదే రేటు. వయసు మళ్ళిన అవ్వకూ అదే రేటు.

కనుక పేదరికం వల్ల పిల్లలు పనికి పోతున్నారనేది సగం నిజమే. పిల్లలు పనికి పోవడం వల్ల పేదరికం అట్లాగే వుండిపోతున్నదనేది మిగతా సగం.

చిన్నరైతు ఇక్కడ నన్ను నిలదీస్తాడు. "కౌలు కట్టి, మందులు కొని, ధర లేక చస్తున్నం. మేమెక్కడ తెచ్చి ఇయ్యాలె?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. హైబ్రిడ్ పత్తి విత్తనం చేలల్లో పువ్వులను చేతితో సంకరం చేసే పనికి ఆడపిల్లలను పెట్టేవారు. సీజనుకు ముందే తల్లిదండ్రుల చేతిలో బయానా పెట్టి పిల్లను కట్టేసుకునేవారు. ఆ చేలపై దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. కంపెనీలు రైతుకిచ్చే ధరకూ, చేలో పిల్లలను పెట్టడానికీ వున్న ముడిని అది విప్పి చూపింది. పెద్దవాళ్ళకు పూర్తి కూలి ఇస్తే రైతుకు మిగిలేది లేని విధంగా ధర కట్టారు. అంటే పిల్ల చేతిని తిప్పుతున్నది రైతు ఒక్కడే కాదు, రైతు వెనక ధర నిర్ణయించేవాడు కూడా. అందుచేత చిన్నరైతు మద్దతు ధర పోరాటమూ, మన కూలి పోరాటమూ ఒకదానికొకటి శత్రువులు కావు.

కూలి ఒక్కటి పెరిగితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే బడికి పోతారా? పోరు. మూడేండ్లు బర్లు కాసిన పోరగాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతాడు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి ఈ పని మీద కూర్చుంది. బడి బయట వున్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలిగానే లెక్కించాలన్నది. శిబిరాలు పెట్టి, చదువు అందించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. దారి చూపిస్తే పేద తల్లిదండ్రులు కూడా పిల్లలను చదివిస్తారని ఆ అనుభవం తేల్చింది.

ప్రపంచమంతటా పొలాల్లోనే

ఇది మన మండలం గోస మాత్రమే కాదు. 2000 సంవత్సరంలో ప్రపంచంలో దాదాపు 24 కోట్ల 60 లక్షల మంది బాలకార్మికులున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. 2024 నాటికి అది 13 కోట్ల 80 లక్షలకు దిగింది. కనుక ఇది తలరాత కాదు, తగ్గించగలిగినదే. కాని 2025 నాటికి పూర్తిగా లేకుండా చేస్తామన్న దేశాల మాట నీటిమూటే అయింది. ఇంకో అంకె గుర్తుపెట్టుకోవాలి. ఆ 13 కోట్ల 80 లక్షల మందిలో నూటికి 61 మంది వ్యవసాయం పనుల్లోనే వున్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గరైతే తనిఖీ అధికారి నిలబడతాడు. పొలం గట్టు మీద కూలి సంఘం నిలబడకపోతే ఇంకెవరూ నిలబడరు.

మనం చేయవలసిన పని

కూలి అక్కలారా, అన్నలారా! ఈ సీజను ముందర ఊరూరా కూర్చొని నాలుగు సంగతులు తేల్చుకోవాలి.

ఒకటి: పెద్దమనిషి ఒక్కతే ఏరితే రోజు కూలి గిట్టేటట్టు కిలో రేటు, లేదా సూటిగా రోజు కూలి. ఇది పత్తి పగలకముందే తేలాలి.

రెండు: కాంటా దగ్గర సంఘం మనిషి వుండాలి. ముఠాలోకి 14 ఏండ్ల లోపు పిల్లను రానీయమని ముఠా మేస్త్రీలతో ముందే ఒప్పించాలి.

మూడు: బడికి రాని పిల్లల పేర్లు సారును అడిగి ప్రతి వారం తెలుసుకోవాలి. ఇటుక బట్టీలకు ఒరిస్సా నుంచి వచ్చిన వాళ్ళ పిల్లలనూ మన పిల్లల లెక్కలోనే వేయాలి.

నాలుగు: అప్పు కింద, బయానా కింద పిల్లను పెట్టినట్టు తెలిస్తే 1098కు ఫోను చేయాలి. కలెక్టర్ అధ్యక్షతన వుండవలసిన వెట్టి విజిలెన్స్ కమిటీకి అర్జీ పెట్టాలి. తల్లిదండ్రులను జైలుకు పంపిస్తారని భయపడనక్కరలేదు. మొదటిసారి తప్పుకు వాళ్ళకు శిక్ష లేదని చట్టమే చెబుతున్నది.

కిందటి సీజను చివర్లో ఒక ఊళ్ళో ఆడవాళ్ళు రెండు రోజులు పత్తి ఏరుడు ఆపి కూర్చున్నారు. అడిగినంత రాలేదు గాని కిలోకు రూపాయిన్నర పెరిగింది. కొందరు పిల్లలు బడికి పోయారు. అందరూ పోలేదు. నన్ను నిలదీసిన అక్క బిడ్డ వారంలో నాలుగు రోజులు పోయింది, రెండు రోజులు చేలోనే వున్నది.

ఆ రెండు రోజుల కూలి మనం ఆమెకు ఇంకా బాకీ వున్నాం. పత్తి మళ్ళీ పగిలేలోగా ఆ బాకీ తీర్చాలి.