పందెపు గుర్రానికి నీరు తీసే మందు ఎందుకు?

ఒంట్లో నీరు చేరి కాళ్ళు వాచిన పెద్దవాళ్ళకు డాక్టర్లు లాసిక్స్ మాత్ర ఇవ్వడం మీరు చూసే ఉంటారు. అందులోని మందు పేరు ఫ్యూరోసిమైడ్. అమెరికాలో దీనిని పందెపు గుర్రాలకు కూడా ఇస్తారు. గుర్రానికి ఇదెందుకు?

విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30–40 సార్లు కొట్టుకుంటుంది. పందెంలో అది 200 దాటుతుంది. అప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలలో పీడనం బాగా పెరుగుతుంది. వాయుగోణుల చుట్టూ ఉండే కేశనాళికల గోడలు ఎంతో పలుచన. నిండుకాలువ ఒత్తిడికి గట్టు తెగినట్లు అవి చిట్లుతాయి. రక్తం వాయుగోణులలోకి కారుతుంది. ముక్కు వెంట రక్తం వచ్చేది కొద్ది గుర్రాలకే. ఎండోస్కోపుతో చూస్తే చాలా గుర్రాలలో కనిపిస్తుంది.

పందేనికి 4 గంటల ముందు ఈ మందును ఇంజెక్షన్‌గా ఇస్తే, మూత్రపిండాలు ఉప్పును, దానితో పాటు నీటిని బయటకు పంపుతాయి. రక్తం పరిమాణం తగ్గి, పీడనమూ తగ్గుతుంది. రక్తస్రావం తగ్గుతుంది గాని పూర్తిగా ఆగదు.

చిక్కు ఇక్కడే ఉంది. నీరు పోయిన గుర్రం బరువు కూడా తగ్గుతుంది. తేలికైన గుర్రానికి పరుగు సులువు. మరి మందు తీసుకోని గుర్రానికి ఇది అన్యాయం కాదా? అందుకే హైదరాబాదు మలక్‌పేటతో సహా మన దేశపు పందేలలో ఈ మందు ప్రభావంలో ఉన్న గుర్రాన్ని పరుగెత్తించరాదు. పందెం తర్వాత గుర్రాల మూత్రం పరీక్షిస్తారు.

రక్తం కారిన గుర్రానికి ముందుగా కావలసింది విశ్రాంతి. ఆ సంగతి పందెం కట్టేవారు మరచిపోకూడదు.