వేళ్ళకు జ్ఞాపకం ఎలా వస్తుంది? ఎంత సాధన కావాలి?

గత పాఠంలో కీబోర్డుపై అక్షరాల స్థానాలను, ఏ వేలితో ఏ కీ నొక్కాలో తెలుసుకున్నారు. ఇప్పుడు మీ మనసులో ఒక ప్రశ్న మెదులుతూ ఉండవచ్చు. ‘ఎన్నాళ్ళు సాధన చేస్తే కీబోర్డు వైపు చూడకుండా టైపు చేయగలను?’ మీలో చాలామంది పగలు పని చేసుకుంటూ, సాయంత్రం ఒక గంట మిగుల్చుకొని చదువుతున్నవారు. ఆ గంట ఫలించాలంటే సాధన ఎలా పని చేస్తుందో తెలియాలి. ఈ పాఠంలో అదే నేర్చుకుందాం.

9.1 చేయి తిరగడం అంటే ఏమిటి?

తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసే గృహిణిని గమనించండి. పిండి ఆమె వేళ్ళ మధ్య నుంచి సన్నని గీతగా జారుతుంది. ఎంత పిండి వదలాలి, ఎక్కడ వేళ్ళు బిగించాలి అని ఆమె ఆలోచించదు. పక్కింటివారితో మాట్లాడుతూనే ముగ్గు పూర్తి చేస్తుంది. ఇలాంటివారిని మనం ‘చేయి తిరిగినవారు’ అంటాం.

చేసి చూడండి: ఒక కాగితం మీద కళ్ళు మూసుకొని సంతకం చేయండి. అది మీ మామూలు సంతకానికి దగ్గరగానే ఉంటుంది. ఇప్పుడు కళ్ళు తెరిచి, రెండవ చేతితో సంతకం చేయండి. అక్షరాలు తెలుసు, కళ్ళు చూస్తున్నాయి, అయినా గీత వంకరపోతుంది. తెలియడం వేరు, చేతికి రావడం వేరు అని దీనివల్ల అర్థమవుతుంది.

9.2 ఈ జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది?

దీనిని వాడుకలో ‘కండరాల జ్ఞాపకం’ అంటారు. నిజానికి ఇది కండరాలలో ఉండదు, మెదడులో ఉంటుంది. పదేపదే చేసిన కదలికలను అనుమస్తిష్కం, మెదడు లోపలి మరికొన్ని భాగాలు కలిసి ఒక క్రమంగా నిలుపుకొంటాయి. పేర్లు, సంఘటనలు గుర్తుంచుకొనే జ్ఞాపకం కంటే ఇది వేరైనది.

దీనికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు 1953లో మెదడుకు శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత ఆయనకు కొత్త సంఘటనలు గుర్తుండేవి కావు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. ఈ ఫలితాలను ఆమె 1962లో ప్రకటించారు. మూడు రోజులలో ఆయన చేయి బాగా కుదిరింది. కాని అంతకుముందు ఆ పని చేసినట్లు ఆయనకు గుర్తే లేదు. మనిషి మరచిపోయాడు, చేయి మరచిపోలేదు.

టైపులోనూ ఇలాగే జరుగుతుంది. 2014లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో నిమిషానికి సగటున 72 పదాలు కొట్టేవారికి ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమన్నారు. 26 అక్షరాలలో సగటున 15 మాత్రమే సరైన చోట రాయగలిగారు. మిగిలినవి వారి వేళ్ళకే తెలుసు.

9.3 నేర్చుకోవడంలో మూడు దశలు

ఫిట్స్, పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో నైపుణ్యం మూడు దశలలో అలవడుతుందని వివరించారు.

మొదటిది ఆలోచన దశ. ‘ఎఫ్ ఎక్కడుంది? ఏ వేలు?’ అని ప్రతి కీకీ ఆలోచిస్తారు. తప్పులు ఎక్కువ, అలసట ఎక్కువ.

రెండవది అనుసంధాన దశ. కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుపై ‘కి’ కొట్టాలంటే కుడిచేతి మధ్య వేలితో ‘క’, ఎడమచేతి చూపుడు వేలితో గుడి నొక్కాలి. మొదట ఇవి రెండు పనులు. ఈ దశలో ఒకే పనిగా మారతాయి.

మూడవది స్వయంచాలక దశ. కళ్ళు ప్రతి మీద ఉంటాయి, వేళ్ళు తమ పని తాము చేసుకుపోతాయి.

9.4 మరి ఎన్ని గంటలు?

ఈ ప్రశ్నకు ఒక మంచి ఆధారం ఉంది. బ్రిటన్ తపాలా శాఖలో పోస్ట్‌మెన్‌కు ఉత్తరాల విభజన యంత్రాల కోసం టైపు నేర్పవలసి వచ్చింది. బాడెలీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు వారిని నాలుగు బృందాలుగా చేసి పరిశీలించి, ఫలితాలను 1978లో ప్రచురించారు. ఒక బృందం రోజుకు ఒక గంట మాత్రమే సాధన చేసింది. మరొకటి రోజుకు రెండేసి గంటల చొప్పున రెండుసార్లు, అంటే నాలుగు గంటలు చేసింది. మిగిలిన రెండూ రోజుకు రెండు గంటలు చేశాయి.

కీబోర్డు నేర్చుకోవడానికి రోజుకు గంట చేసినవారికి సుమారు 35 గంటలు పట్టింది. నాలుగు గంటలు చేసినవారికి సుమారు 50 గంటలు పట్టింది. అదే కీబోర్డు, అదే పాఠం. అయినా ఒక్క రోజులో కుక్కి చేసిన సాధనలో కొంత వృథా అయింది.

అయితే లెక్కలో రెండవ వైపు కూడా చూడండి. వారానికి ఐదు రోజుల చొప్పున 35 గంటలంటే ఏడు వారాలు. నాలుగు గంటలవారు రెండున్నర వారాలలోనే ముగించారు. అందుకే రోజుకు గంట చేసినవారు తాము వెనుకబడిపోతున్నామని అనుకున్నారు. నాలుగు బృందాలలో తక్కువ తృప్తి చెందినది వారే. గంటకు గంట లెక్కిస్తే అందరికంటే బాగా నేర్చుకున్నదీ వారే!

ఈ విషయాన్ని మీకు అన్వయించుకోండి. రోజుకు ఒక్క గంటే దొరుకుతున్నదని బాధపడవద్దు. మీ గంట తక్కువ గంట కాదు.

ఇక 35 గంటలతో వచ్చేది కీబోర్డు పరిచయమే, పరీక్షకు కావలసిన వేగం కాదు. ఇంగ్లీషు టైపు లోయర్ గ్రేడుకు నిమిషానికి 30 పదాల వేగం కావాలి. ఐదు స్ట్రోకులను ఒక పదంగా లెక్కిస్తారు కనుక నిమిషానికి 150 స్ట్రోకులన్నమాట. అందుకే టైపు ఇన్‌స్టిట్యూట్లలో సాధారణంగా రోజుకు గంట చొప్పున ఆరు నెలలు నేర్పుతారు.

9.5 వేగం పెరగని రోజులు

సరోజ అనే అభ్యాసకురాలిని ఊహించండి. పగలు బట్టల దుకాణంలో పని, సాయంత్రం ఒక గంట టైపు. రెండు నెలలలో నిమిషానికి 18 పదాలు వచ్చాయి. ఆ తరువాత మూడు వారాలు గడిచినా 18 దాటలేదు. ‘ఈ విద్య నాకు రాదు’ అని ఆమె మానేయాలనుకుంటుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. బ్రయన్, హార్టర్ అనే పరిశోధకులు 1897లో టెలిగ్రాఫు నేర్చుకొనేవారిలో ఇలాంటి స్థితినే గుర్తించారు. వేగం కొన్ని వారాలు కదలకుండా ఉండి, తరువాత మళ్ళీ పెరిగింది. అక్షరాన్ని అక్షరంగా వినే అలవాటు నుంచి పదాన్ని పదంగా వినే అలవాటుకు మారడానికి ఆ కాలం పడుతుందని వారు వివరించారు. ఈ స్థితి అందరికీ రాకపోవచ్చు. వస్తే మాత్రం అది మీ శక్తికి హద్దు అని తీర్మానించుకోకండి. సరోజ చేయవలసింది మానేయడం కాదు. తడబడే అక్షరాల జతలను గుర్తించి, వాటినే రోజూ పది నిమిషాలు నిదానంగా కొట్టడం.

9.6 మీ సాధన ఎలా ఉండాలి?

1. రోజూ చేయండి. వరుసగా గంట కుదరకపోతే ఉదయం అరగంట, సాయంత్రం అరగంట చేయండి. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చోవద్దు.

2. ముందు తప్పు లేకుండా, తరువాత వేగంగా. తప్పును వందసార్లు చేస్తే తప్పే చేతికి అలవాటవుతుంది. దానిని మాన్పించడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

3. కీల వైపు చూడవద్దు. ఎఫ్, జె కీలపై చిన్న గీతలు ఉంటాయి. వాటిని తడిమి చూపుడు వేళ్ళను చోటుకు తెచ్చుకోండి. అవసరమైతే చేతుల మీద పలుచని తువ్వాలు కప్పుకోండి.

4. ‘ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె’ అభ్యాసం విసుగు పుట్టించినా మానవద్దు. పది నిమిషాలు దానితో మొదలుపెట్టి, తరువాత పదాలకు, వాక్యాలకు వెళ్ళండి.

5. తేదీ, సమయం, వేగం, తప్పులు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నిన్నటితో పోలిస్తే కనిపించని ప్రగతి నెల క్రితంతో పోలిస్తే కనిపిస్తుంది.

6. వేళ్ళు, మణికట్టు నొప్పి పుడితే ఆపి విశ్రాంతి తీసుకోండి. నొప్పితో చేసే సాధన తప్పు కదలికలను నేర్పుతుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. పోస్ట్‌మెన్‌లో తక్కువ గంటలలో నేర్చుకున్న బృందం ఏది? వారే ఎందుకు అసంతృప్తి చెందారు?
2. ‘కండరాల జ్ఞాపకం’ అన్న మాట ఎందుకు పూర్తిగా సరికాదు?
3. సరోజ స్థానంలో మీరు ఉంటే రేపటి గంటను ఎలా విభజించుకుంటారు? ఐదు వాక్యాలలో రాయండి.

మూడవ ప్రశ్నకు సమాధానం రాసిన తరువాత పుస్తకం మూసి, గడియారం చూసుకొని, ఈ రోజు గంటను మొదలుపెట్టండి.