కల్లు ఇచ్చే నీలగిరి

నీలగిరి చెట్టును కాపాడుకోవాలి అంటే మనవాళ్ళు నవ్వుతారు. నవ్వరూ మరి! ఎటు చూసినా జామాయిల్ తోటలే. కాగితం మిల్లులకు లారీలకు లారీల కర్ర పోతూనే ఉంది. భూమిలో ఉన్న నీరంతా తాగేస్తోందని రైతులు దాన్ని తిడుతూనే ఉన్నారు, నాటుతూనే ఉన్నారు.

అసలు నీలగిరి తైలానికి పేరు తెచ్చిన చెట్టు మన నీలగిరులది కాదు. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిది. అక్కడివాళ్ళు 'బ్లూ గమ్' అంటారు. 1843లో ఊటీ కొండలకు వచ్చింది. 1962లో టాస్మానియా దాని పువ్వును తమ రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ వెలిగిపోతున్న అదృష్టవంతురాలు! నేను చెప్పబోయేది దాని చెల్లెలి కథ.

ఈ చెల్లెలి పేరు 'సైడర్ గమ్'. అందులో మియేనా అనే ఊరి పేరుతో పిలిచే రకం ఒకటుంది. టాస్మానియా నడుమ పీఠభూమి మీద, మంచు గడ్డకట్టే పల్లాల అంచుల్లో తప్ప అది లోకంలో మరెక్కడా తనంతట తాను మొలవదు.

చిత్రమేమిటంటే, ఈ చెట్టు కల్లు ఇస్తుంది! మోకూ ముస్తాదూ అక్కరలేదు. బెరడుకు గాటు పెడితే చాలు, తియ్యటి నీరు కారుతుంది. అక్కడి ఆదివాసులు ఆ రసాన్ని చెట్టు మొదట్లో గుంట చేసి పట్టేవారు. అది దానంతట అదే పులిసేది. ఆ పానీయం పేరు 'వే-ఆ-లినా'. జార్జి అగస్టస్ రాబిన్సన్ అనే తెల్లదొర 1831లోనే దీన్ని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ ఆదివాసులను తెల్లవాళ్ళు ఎంత ఘోరంగా ఊచకోత కోశారో చరిత్ర చదివినవారికి తెలుసు. అయినా వారి సంతతి మిగిలింది. ఆ పీఠభూమి మీద కొంత నేల మళ్ళీ వారి చేతికి వచ్చింది. తీరా నేల వచ్చేసరికి చెట్టు పోతోంది!

1990ల నుంచీ వరసగా వచ్చిన కరవులకు నిలువునా ఎండిన మానులు ఎముకల్లా తెల్లగా నిలబడి ఉన్నాయి. కరవుకు చిక్కిన చెట్టు ప్రాణం నిలుపుకోవడానికి కాండం మీద లేత చిగుళ్ళు వేస్తుంది. రాత్రయ్యేసరికి పోసమ్‌లు ఎక్కి తినేస్తాయి. పోసమ్ అంటే పొట్టసంచిలో పిల్లను మోసే, పిల్లి అంతటి జంతువు. చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, అవి మళ్ళీ తింటాయి. చివరకు చెట్టులో దాచుకున్న సత్తువ అయిపోతుంది. పాపం, పోసమ్‌ను తిట్టడానికీ లేదు, అదీ ఆ దీవి బిడ్డే. కింద మొలిచిన మొక్కల్నేమో గొర్రెలు, జింకలు, కుందేళ్ళు మేసేస్తాయి. ఇది చాలదన్నట్టు 2019 జనవరిలో పిడుగులు రేపిన కార్చిచ్చు ఆ పీఠభూమిని కాల్చింది.

వైద్యం మాత్రం మన కోనసీమవారికి తెలిసిందే. ఎలుకలు ఎక్కకుండా కొబ్బరిచెట్టుకు రేకు చుట్టమూ? అక్కడా అంతే, మానుకు నున్నటి రేకు పట్టీ వేస్తారు. పోసమ్ గోళ్ళు జారిపోతాయి. మొక్కల చుట్టూ ఇనుపతీగ పంజరాలు కడతారు. విత్తనాలు ఏరి చల్లటి గిడ్డంగుల్లో దాచడమూ ఉంది. మంచిదే. కాని నా మటుకు నాకు పంజరం మీదే ఆశ ఎక్కువ. సీసాలోని విత్తనం కల్లు ఇవ్వదు గదా!

పంజరంలోని మొక్కకు మొదట వచ్చే ఆకులు గుండ్రంగా, నీలిబూడిద రంగులో ఉంటాయి. జంతువులకు అవంటే మహా ప్రీతి. కోల ఆకులు వేసి, మేసే నోళ్ళకు అందనంత ఎత్తు పెరిగేదాకా ఆ తీగ విప్పడానికి వీల్లేదు. చలి సీమ, మెల్లగా పెరిగే చెట్టు. పంజరాలు కట్టినవారు ఏళ్ళ తరబడి కాపలా కాయవలసిందే.